నాటిన మొక్కలు ఎండిపోయాయి, వేరు చేసిన చెత్త కలిసిపోయింది: బడి పిల్లలతో నిజంగా ఏం చేయించవచ్చు?

పెరంబూరు సైన్సు టీచరు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. చెన్నైలో తెలుగు మాధ్యమం ఇంకా నడుస్తున్న కొద్దిపాటి ఎయిడెడ్ బడుల్లో ఒకదానిలో నేను సైన్సు చెబుతున్నాను. ఆరు నుంచి పదో తరగతి వరకు సుమారు 400 మంది పిల్లలున్నారు. రెండేళ్లుగా పర్యావరణ క్లబ్బు బాధ్యత నా మీద పడింది.

గత ఏడాది జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవానికి 50 మొక్కలు నాటించాము. ఫొటోలు బాగా వచ్చాయి. ఈ మే నెలాఖరున వెళ్లి చూస్తే నాలుగు మిగిలాయి; వాటిలో రెండు, ప్రహరీ అవతలి ఇంటివాళ్లు దయతలచి పోసిన నీళ్లతో బతికినవి.

మొక్కల తరువాత చెత్త వైపు తిరిగాము. తడి చెత్తకు పచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా పెట్టాము. పిల్లలు ఎంత శ్రద్ధగా వేరు చేశారంటే, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం విప్పి, అరిటాకు ముక్కను పచ్చ డబ్బాలోను, దాని కింది కాగితాన్ని నీలం డబ్బాలోను వేసేవారు. నెల గడిచాక ఒక సాయంత్రం, గేటు దగ్గర ఆటో కోసం నిలబడిన ఎనిమిదో తరగతి అమ్మాయి, రెండు డబ్బాలనూ ఒకే బండిలోకి ఒంపుతుండగా కళ్లారా చూసింది. మరునాడు క్లబ్బు సమావేశంలో లేచి, ‘మరి మనం ఎందుకు వేరు చేస్తున్నాం మిస్?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. వారం తిరగకుండానే నీలం డబ్బాలో సాంబారన్నం కనిపించింది.

ఇప్పుడు ప్రధానోపాధ్యాయులు వచ్చే ఏడాదికి ప్రణాళిక రాసి ఇమ్మన్నారు. డబ్బు దాదాపు లేదు. పోస్టర్లు, నినాదాలు, వ్యాసరచన పోటీలు మళ్లీ పెట్టడం నాకు ఇష్టం లేదు. పిల్లలు తమ చేతులతో చేయగలిగి, ఫలితం తమ కళ్లతో చూడగలిగే పనులు ఏమున్నాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

విల్లివాక్కం విశ్రాంత ఇంజనీరు

టీచరమ్మ గారికి నమస్కారం. నీటి సరఫరా పనుల్లో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి కనుక నీళ్ల సంగతే చెబుతాను. మీ అనుభవంలో తప్పు పిల్లలది కాదు, మీదీ కాదు. ఫలితం మరొకరి చేతిలో ఉన్న పనితో మొదలుపెట్టారు, అంతే. బడి గేటు లోపలే మొదలై గేటు లోపలే ముగిసే పనిని ముందు ఎంచుకోండి. కుళాయిలు అలాంటివి.

ఒక అర లీటరు సీసా, ఒక గడియారం చాలు. కారుతున్న ప్రతి కుళాయి కింద సీసా పెట్టి, అది నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో పిల్లలు రాసుకోవాలి. 12 నిమిషాలు పడితే గంటకు రెండున్నర లీటర్లు, రోజుకు 60 లీటర్లు. కారే కుళాయికి రాత్రీ ఆదివారమూ ఉండవు కాబట్టి 24 గంటలతోనే గుణించాలి. ఏడో తరగతి పిల్లవాడు వేయగల లెక్క ఇది. అయితే ఆ లెక్కను కాగితం మీద పెట్టి ప్రధానోపాధ్యాయుల బల్ల మీద ఉంచితే, ‘నీటిని పొదుపు చేద్దాం’ అనే పోస్టరుకు లేని బలం దానికి వస్తుంది.

రెండవది మిద్దె. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు. మీ మిద్దె 1,000 చదరపు మీటర్లనుకుందాం. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఆవిరైనది, పొర్లిపోయినది తీసేసి ఎనభై శాతమే చిక్కుతుందనుకున్నా 11 లక్షల లీటర్లకు పైమాటే. ఈ అంకె ఎంత పెద్దదో పిల్లలకు తెలియాలంటే 2019 సంగతి చెప్పండి. ఆ వేసవిలో నగరానికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ అడుగంటాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీళ్లతో మా విల్లివాక్కం స్టేషనుకు వచ్చింది. రైలు చూడడానికి నేనూ వెళ్లాను. జనం నీళ్ల వ్యాగన్లకు పూలదండలు వేసిన దృశ్యం ఇంకా మరచిపోలేదు. మీ బడి లాంటి రెండు మూడు బడుల మిద్దెల మీద ఏడాదికి పడే వాన ఆ రైలెడు నీళ్లకు సమానం.

తమిళనాడులో వాననీటి ఇంకుడు ఏర్పాటు 2003 నుంచి తప్పనిసరి కాబట్టి మీ బడిలో పైపు, గుంత ఎక్కడో ఉండే ఉంటాయి. అవి పనిచేస్తున్నాయా అన్నదే ప్రశ్న. నేను చూసిన చాలా చోట్ల గుంతలోని ఇసుక మీద ఎండుటాకుల పొర, దాని మీద బురద గట్టిపడి, వాన పడితే నీళ్లు పొర్లి వీధిలోకి పోతుంటాయి. గుంత ఎక్కడుందో పిల్లలు బడి పటం గీసి అందులో గుర్తించాలి. గులకరాళ్లు, ఇసుక తీసి కడిగే పని మాత్రం పెద్దవాళ్లు చేయాలి. ఇదంతా సెప్టెంబరులోనే అయిపోవాలి. మన వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకే పడుతుంది. తొలి వాన మిద్దె మీది దుమ్ముతో, పావురాల రెట్టతో దిగుతుంది కాబట్టి దాన్ని బయటికి వదిలేసి తరువాతి వాననే లోపలికి మళ్లించాలి. మరో మాట: బంకమన్ను నేలలో పైపైన తవ్విన గుంత నీటిని పీల్చదు, అడుగున ఇసుక పొర తగిలేదాకా బోరు దింపవలసి వస్తుంది. గుంతలో బకెట్టు నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతాయో చూస్తే మీ నేల సంగతి తేలిపోతుంది.

ఆర్‌ఓ యంత్రం ఉంటే దాని వ్యర్థపు నీటి గొట్టం కింద ఒక బకెట్టు పెట్టించండి. తాగే నీరు ఒక లీటరు వస్తే, పారబోసేది సాధారణంగా రెండు మూడు లీటర్లు ఉంటుంది. నేల తుడవడానికి, మరుగుదొడ్డికి అది భేషుగ్గా పనికివస్తుంది.

తెలుగు బడి కాబట్టి ఇంకొక్క సంగతి, కొంచెం పక్కదారి అయినా సరే. 1983లో ఎన్‌టీ రామారావు, ఎంజీ రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు కుదిరిన ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్లు కండలేరు నుంచి 152 కిలోమీటర్లు కాలువలో ప్రవహించి ఊత్తుకోట దగ్గర తమిళనాడు సరిహద్దు దాటి, అక్కడి నుంచి ఇంకో 25 కిలోమీటర్లు నడిచి పూండి చేరుతాయి. మొదటిసారి అవి వచ్చింది 1996లో. కారుతున్న కుళాయి దగ్గర నిలబెట్టి ఈ దారిని పటంలో చూపించండి. భూగోళం పాఠం కూడా అయిపోతుంది.

ఇద్దరు పిల్లల తండ్రి, వడపళని

పెద్దాయన గారి మాటలు బాగున్నాయి. అయినా ఒక సందేహం రాయక తప్పడం లేదు. ఇలాంటి కార్యక్రమాలు చాలా చోట్ల చివరికి పిల్లల చేత ఊడిపించడం, కడిగించడంగా మారిపోతాయి; అదీ ఎప్పుడూ అవే పిల్లల చేత. మా అబ్బాయి చదివిన ఒక బడిలో ‘పచ్చదళం’ అని పేరు పెట్టి, ఫీజు రాయితీ ఉన్న పిల్లలతోనే డబ్బాలు మోయించారు. దయచేసి ఏ పనికైనా వంతుల పట్టిక అందరి పేర్లతో వేయండి, చెత్తను తాకే పనికి చేతి తొడుగులు ఇవ్వండి.

ఇంకొకటి. నీళ్ల పొదుపు అనగానే కొన్ని బడుల్లో మరుగుదొడ్ల నీళ్లకే కోత పెడతారు. ఆడపిల్లలు దాంతో ఉదయం నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. చేతులు కడుక్కునే నీళ్లను, మరుగుదొడ్డి నీళ్లను లెక్కలోంచి తీసేసి, వృథాను మాత్రమే కొలవండి.

పర్యావరణాన్ని అన్ని తరగతుల్లోనూ బోధించాలని న్యాయవాది ఎంసీ మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. మూడు దశాబ్దాలు దాటినా అది మా ఇంట్లో పరీక్షకు ముందు రాత్రి బట్టీపట్టే నాలుగు పేజీలుగానే ఉంది. అందుకే మీ ప్రయత్నం నిలబడాలని కోరుకుంటూనే ఈ జాగ్రత్తలు చెబుతున్నాను.

కొళత్తూరు అమ్మ

మిస్, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది. తడి చెత్త అసలు గేటు దాటకపోతే బండిలో కలిసేదేమీ ఉండదు. 5,000 చదరపు మీటర్లకు మించిన ఆవరణ ఉన్న సంస్థలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. మీ బడి అంత పెద్దది కాకపోవచ్చు గాని, చేయడానికి నియమం అడ్డు రాదు కదా.

మా పిల్లల బడిలో తల్లిదండ్రులం నలుగురం కలిసి రెండు 200 లీటర్ల నీలం డ్రమ్ములతో మొదలుపెట్టాము. మొదటి ప్రయత్నం ఘోరంగా పాడైంది, అందుకే వివరంగా రాస్తున్నాను. పెరుగన్నం, సాంబారన్నం, మిగిలిన పొరియల్ అన్నీ నేరుగా డ్రమ్ములో పోయించాము. మూడో వారానికి తెల్ల పురుగులు మూత ఎక్కాయి, కాపలా మనిషి తన కుర్చీని గేటుకు అటువైపు జరుపుకున్నాడు. జరిగిన తప్పు ఏమిటంటే తడి మాత్రమే వేశాము, పొడి వేయలేదు. గాలి ఆడని తడి కుళ్లి కంపు కొడుతుంది. గాలి ఆడితే అదే చెత్త లోపల వేడెక్కి ఎరువవుతుంది.

రెండోసారి డ్రమ్ము చుట్టూ, అడుగున రంధ్రాలు పెట్టించాము. అడుగున కొబ్బరి పీచు పరిచాము. ఒక బకెట్టు తడి చెత్త వేస్తే దాని మీద రెండు బకెట్ల ఎండుటాకులు తప్పనిసరి. చెన్నై బడుల్లో ఎండుటాకులకు కొదవ లేదు. ఊడ్చి తగలబెట్టే ఆకులే మనకు కావలసిన సరుకు. సాంబారును వడగట్టి, ముద్దలను విడదీసి వేయాలి. మొదట్లో ఒక గ్లాసు పుల్ల మజ్జిగ నీళ్లలో కలిపి చల్లాము. వారానికి రెండుసార్లు కర్రతో తిరగేస్తే చాలు. నాలుగో రోజు చెయ్యి దగ్గర పెట్టిన పిల్లలు ‘ఆంటీ, లోపల పొయ్యి ఉందా?’ అని అడిగారు. రెండు నెలలకు మట్టివాసన వచ్చే నల్లటి ఎరువు చేతికొచ్చింది. మీ బడిలో మధ్యాహ్న భోజనంతో గుడ్డు కూడా పెడతారు కాబట్టి పెంకులు బోలెడు ఉంటాయి. వాటిని ఎండబెట్టి నలిపి వేయండి, అలాగే వేస్తే ఏడాదైనా కరగవు. నవంబరు వానల్లో డ్రమ్ముకు మూత మరవకండి. మేము ఒక్క రాత్రి మరచిపోయి వారం రోజులు బాధపడ్డాము.

ఎరువుకన్నా మాకు ఎక్కువ ఉపయోగపడినది తక్కెడ. మిగిలిన అన్నాన్ని డ్రమ్ములో వేసే ముందు పిల్లలు తూచి, ఆ రోజు బరువును నల్లబల్ల మీద రాసేవారు. ఎవరి పళ్లెంలో ఎంత మిగిలిందో మాత్రం ఎప్పుడూ రాయలేదు, ఎందుకంటే అది పిల్లలను సిగ్గుపరచడమే అవుతుంది. తీరా చూస్తే సోమవారాలు, నెలకు రెండుసార్లు వచ్చే ఒకానొక వంటకం రోజున బరువు పెరుగుతోందని తెలిసింది. వంట చేసే అక్క ఆ వంటకంలో కారం తగ్గించింది, బరువు తగ్గింది.

పొడి చెత్తకు తరగతికొక గోనెసంచి పెట్టి, నెలకొకసారి కాయలాన్ కడకు, అంటే పాత సామాన్లు కొనే కొట్టుకు ఇవ్వండి. ఏది అమ్ముడుపోతుంది, ఏది పోదు అన్నది పిల్లలు అక్కడ నేర్చుకుంటారు. కాగితానికి, అట్టకు, పాలకవరుకు ధర ఉంది. మెరిసే చిప్స్ పొట్లాన్ని ఆయన చేత్తో కూడా ముట్టుకోడు.

మొక్కల పిచ్చి

టీచరు గారు, మీ 50 మొక్కలను చంపింది నిర్లక్ష్యం కాదు, తేదీ. జూన్ 5 ప్రపంచానికంతటికీ ఒకటే పండుగ కావచ్చు గాని, నైరుతి వానలు బాగా పడే చోట్ల అది నాట్లకు దగ్గరి కాలం. చెన్నైలో అప్పటికి కత్తిరి ఎండలు ముగిసి వారమే అవుతుంది, అసలు వాన రావడానికి ఇంకా నాలుగు నెలలుంటుంది. జూన్‌లో పిల్లలతో గుంతలు తవ్వించండి, విత్తనాలు ఏరించి నారు పోయించండి; నాటడం మాత్రం అక్టోబరు మొదటి వానలకు పెట్టుకోండి. డిసెంబరు దాకా వాన పోస్తుంది, ఆ లోపు వేరు నేలలోకి దిగుతుంది.

50 వద్దు, పది చాలు. మళ్లీ ఏప్రిల్, మే సెలవుల్లో ఎవరు నీళ్లు పోస్తారన్నది నాటే రోజే తేల్చుకోవాలి. బడికి దగ్గర్లో ఉండే పిల్లలు ఎంతమందో చూసి, అన్ని మొక్కలే నాటండి.

ఏ మొక్క అంటే వేప, కానుగ, పొన్న, గంగరావి, పొగడ, నేరేడు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు నగరంలో వేల చెట్లు కూలాయి. తురాయి లాంటి పరదేశపు చెట్లు మా వీధిలో వరసగా ఒరిగాయి, పక్కనే ఉన్న కానుగలు కొమ్మలు విరిగినా నిలబడ్డాయి. తురాయి పువ్వు ఎర్రగా అందంగా ఉంటుందని నర్సరీవాళ్లు అంటగడతారు. బడి ఆవరణలో, పిల్లలు ఆడే చోట, నేనైతే పెట్టను.

పెరంబూరు సైన్సు టీచరు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వడపళని నాన్నగారి హెచ్చరికను మనసులో పెట్టుకుని, 8-బి తరగతి మొత్తాన్ని వంతుల వారీగా కుళాయిల దగ్గరికి పంపాను. మరుగుదొడ్లలో వాడుక జోలికి వెళ్లలేదు, కారుతున్నవి మాత్రమే కొలిచాము.

23 కుళాయిల్లో ఆరు కారుతున్నాయి. అన్నిటికన్నా వేగంగా కారేది సీసాను ఏడు నిమిషాల్లో నింపింది, అన్నిటికన్నా నెమ్మదిది 40 నిమిషాలు తీసుకుంది. ఆ నలభై నిమిషాలూ ఇద్దరు పిల్లలు కదలకుండా కూర్చున్నారంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఆరింటినీ కలిపితే రోజుకు 295 లీటర్లు వచ్చింది, నెలకు 8,850. ఇక్కడే ఒక అబ్బాయి, ‘మిస్, మనం వేసవిలో కొనే లారీ 9,000 లీటర్లే కదా’ అన్నాడు. ప్రణాళికలో మొదటి వాక్యంగా అదే రాశాను. కాగితం చూసిన రోజే ప్రధానోపాధ్యాయులు ప్లంబరును పిలిపించారు. ఐదు కుళాయిలకు వాషరు మారిస్తే సరిపోయింది, ఒకదానికి మర అరిగిపోవడంతో కొత్తది వేశారు.

ఇంకుడు గుంత కూడా దొరికింది. దాని మీద పాత బెంచీలు పేర్చి ఉన్నాయి.

డ్రమ్ములను ఆగస్టులో మొదలుపెడదామనుకుంటున్నాము. గేటు దగ్గర చూసిన అమ్మాయికే తక్కెడ బాధ్యత ఇచ్చాను, ఇంకా నమ్మకం కుదరనట్టే చూస్తోంది. కరెంటు విషయంలో ఎవరైనా సలహా ఇస్తారా? ఫ్యాన్లన్నీ పాతవి, మార్చే స్తోమత లేదు.

పాత విద్యార్థి

మిస్, నేను ఇలాంటి తెలుగు బడిలోనే చదివి ఇప్పుడు ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దరిదాపుల్లో తీసుకుంటుంది. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 200 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద 72 యూనిట్లు మిగులుతాయి. కానీ ఫ్యాను పాడైనప్పుడల్లా ఒక్కొక్కటిగా మార్చుకుంటే చాలు, దాని కోసం ఇప్పుడు అప్పు చేయనక్కరలేదు.

అంతకన్నా ముందు మీటరు చదివించండి. రెండు నెలలకొకసారి వచ్చే బిల్లుతో ఏమీ తెలియదు. సాయంత్రం బడి మూసేటప్పుడు ఒకసారి, మరునాడు పొద్దున తెరిచేటప్పుడు ఒకసారి మీటరు అంకె రాయించండి. మధ్యలో ఎవరూ లేనప్పుడు ఎన్ని యూనిట్లు తిరిగాయో తెలుస్తుంది. నేను పని చేసిన ఒక చోట రాత్రికి తొమ్మిది యూనిట్లు తిరిగేవి. ఖాళీ బడిలో చల్లనీళ్ల యంత్రం తెల్లవార్లూ నీళ్లు చల్లబరుస్తూనే ఉంది, కంప్యూటర్ గదిలో యూపీఎస్‌లు వెలుగుతూనే ఉన్నాయి. ఒక టైమరు స్విచ్చితో అందులో చాలా భాగం ఆగిపోయింది. పిల్లలు మీటరు పెట్టెను తాకకూడదు, అద్దంలోంచి చదివితే చాలు; పక్కన మీరో, అటెండరో ఉండాలి.

విల్లివాక్కం విశ్రాంత ఇంజనీరు

టీచరమ్మా, 8-బి పిల్లలకు నా అభినందనలు చెప్పండి. అప్పుడే పుస్తకం మూసేయకండి. మీ ప్రాంతంలో బోరు నీళ్లు కలుస్తుంటే ఉప్పుకు వాషర్లు త్వరగా పాడవుతాయి, ఆరు నెలల్లో అవే కుళాయిలు మళ్లీ కారడం మొదలుపెట్టవచ్చు. ప్రతి నెల మొదటి శుక్రవారం అదే సీసాతో 23 కుళాయిలనూ చూడమనండి. సీసా మాత్రం మార్చకండి. మారిస్తే పాత లెక్కతో పోల్చడం కుదరదు. ఇక గుంత మీది బెంచీలను సెప్టెంబరు దాకా ఆగకుండా ఈ వారమే తీయించండి. వాటి కింద పెద్ద మూత ఉంటే, దాన్ని పిల్లలు లేనప్పుడే తెరిపించాలి.